షెవీ 350: తాళం తిప్పాక తొలి ఇరవై నిమిషాలు

మన పాలిటెక్నిక్ ఆటో షాపులో బల్ల మీద కోసి పెట్టిన అంబాసిడర్ ఇంజిన్ గుర్తుందా? 1489 సీసీ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. వైవాలో ఇది చెప్పలేనివాడికి రెండో ప్రశ్న ఉండేది కాదు. ఇంజిన్ పని చేయించిన కారు వెనక అద్దం మీద ‘రన్నింగ్ ఇన్’ అని రాసి ఉండే రోజులవి. కొత్త ఇంజిన్‌ని మెత్తగా నడపాలి, రేజ్ చేయకూడదు అని మనకి నూరిపోశారు. అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజిన్‌తో దూకుడుగా పోయే పాత కారు) ఇంజిన్ దగ్గర ఆ పాఠాన్ని కాసేపు పక్కన పెట్టాలి. తొలిసారి స్టార్టయ్యాక దాన్ని ఐడిల్‌లో వదిలితే వాల్వుల్ని తెరిపించే కామ్ షాఫ్ట్ అరిగిపోతుంది.

1967లో కమారోతో వచ్చిన షెవ్రోలే స్మాల్ బ్లాక్ 350నే తీసుకుందాం. వీ8, బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48, అంటే మన లెక్కలో 5.7 లీటర్లు. కామ్ బ్లాకులోనే ఉంటుంది, పైన ట్యాపెట్లు, పుష్ రాడ్లు, రాకర్లు. అంబాసిడర్ ఏర్పాటే, కాకపోతే సిలిండర్లు రెట్టింపు, ట్యాపెట్లు హైడ్రాలిక్‌వి. ట్యాపెట్ అడుగు బల్లపరుపుగా కనిపిస్తుంది కానీ నడుమ వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది. ట్యాపెట్‌ని పైకెత్తే కామ్ లోబు (షాఫ్టు మీది గుడ్డు ఆకారపు ఉబ్బు) కూడా ఒక పక్కకి కాస్త వాలి ఉంటుంది. ఈ రెండూ కలిసి ట్యాపెట్‌ని తనచుట్టూ తాను తిప్పుతాయి. తిరగని ట్యాపెట్ ఒకేచోట రాసుకుని నిమిషాల్లో లోబుని గుండ్రం చేసేస్తుంది. కామ్ బేరింగులకి ప్రెషర్‌తో ఆయిల్ అందుతుంది గానీ లోబులకి అందేది క్రాంకు చిమ్మిన ఆయిలే. ఐడిల్‌లో ఆ చిమ్ముడు తక్కువ. పైగా వాల్వు స్ప్రింగు బరువంతా లోబు ముక్కు మీదే పడుతుంది, వేగం పెరిగితేనే ఆ బరువు కాస్త తేలికవుతుంది. అందుకే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య, ఒకే దగ్గర నిలపకుండా అటూ ఇటూ మారుస్తూ, 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. కార్ల స్మాల్ బ్లాకుల్లో 1987లో మొదలైన, అడుగున చిన్న చక్రం ఉండే రోలర్ ట్యాపెట్లకి ఈ తంటా లేదు.

కామ్ కొత్తదైతే ట్యాపెట్లూ కొత్తవే వేయాలి. కామ్, ట్యాపెట్లు రెండూ పాతవే వాడుతుంటే ఏది ఏ లోబు మీద ఉండేదో దానిమీదే కూర్చోబెట్టాలి. లోబులకి, ట్యాపెట్ల అడుగుకి మాలీ పేస్టు (మాలిబ్డినం కలిపిన గ్రీజు) దట్టంగా పూయాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎక్కించకముందే ట్యాపెట్ల మీద పెయింటు చుక్కలు పెట్టి క్రాంకుని చేత్తో తిప్పి చూస్తే, ఏది తిరగడం లేదో అప్పుడే తెలిసిపోతుంది. డబుల్ స్ప్రింగులుంటే లోపలివి ఈ ఇరవై నిమిషాలకి తీసేయడం మేలు. ఆయిల్ విషయంలో పొదుపు వద్దు. ఇప్పటి 5డబ్ల్యూ-30 కారు ఆయిళ్ళలో ఫాస్ఫరస్ 800 పీపీఎం దాటదు, దాంతో ఈ కామ్‌ని కాపాడే జింక్ కూడా తక్కువే. బ్రేక్-ఇన్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, ఫిల్టరుతో కలిపి 5 క్వార్టులు పడుతుంది.

తర్వాత ప్రైమింగ్, అంటే స్టార్ట్ చేయకముందే ఇంజిన్ అంతటా ఆయిల్ నింపడం. ఆయిల్ పంపుని తిప్పేది డిస్ట్రిబ్యూటర్ కాబట్టి దాన్ని తీసి, ఆ కంతలోంచి అర అంగుళం డ్రిల్లుతో పంపుని కుడివైపుకి తిప్పాలి. ఉత్త రాడ్డు దింపి తిప్పితే చాలదు. డిస్ట్రిబ్యూటర్ బాడీయే ఒక ఆయిల్ గ్యాలరీకి గోడ, అది లేకపోతే ఆయిల్ అక్కడే కారిపోయి ఒక వరస ట్యాపెట్లు ఎండిపోతాయి. పాత డిస్ట్రిబ్యూటర్ పళ్ళు గ్రైండ్ చేసి వాడుకుంటే సరి. ప్రెషర్ పుంజుకోగానే డ్రిల్లు మణికట్టుని మెలిపెడుతుంది, గట్టిగా పట్టుకోండి. ఇంకొకరు క్రాంకుని పావు చుట్టు చొప్పున రెండు పూర్తి చుట్లు తిప్పాలి. పదహారు రాకర్లలోనూ ఆయిల్ కనబడేదాకా ఆపకూడదు. గేజి కదలకపోతే మొదట డ్రిల్లు ఎటు తిరుగుతోందో చూడండి. అది సరిగ్గానే ఉంటే టైమింగ్ చెయిన్ వెనక గ్యాలరీ ప్లగ్గులు మరిచిపోయారేమో చూడాలి. మరిచిపోయుంటే ముందు కవర్ విప్పక తప్పదు.

రాకర్ నట్టుని పుష్ రాడ్డు ఆట పోయేదాకా బిగించి, ఆపైన అర చుట్టు. అంతకంటే బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ రాదు. ఒకటో సిలిండర్ ప్లగ్గు కంతలో వేలు పెట్టి కంప్రెషన్ స్ట్రోకు పట్టుకుని, క్రాంకు ముందుండే బ్యాలెన్సర్ చక్రం మీది గీతని సున్నా దగ్గర కాకుండా 12 డిగ్రీల ముందు నిలిపి డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్‌ని ఒకటో వైరుకి చూపించాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 వెంటవెంటనే పేలతాయి, సిలిండర్లూ పక్కపక్కనే. వాటి వైర్లు జంటగా పరిగెత్తితే ఒకదాని కరెంటు రెండోదాంట్లోకి దూకుతుంది, విడదీసి కట్టాలి.

అసలు శత్రువు సెల్ఫ్. స్టార్టవడం లేదని కొడుతూ పోతే పూసిన పేస్టంతా లోబుల మీంచి తుడుచుకుపోతుంది. అందుకే కార్బొరేటర్ గిన్నెలు ముందే వెంటు గొట్టం గుండా చిన్న సీసాతో పెట్రోలు పోసి నింపాలి. పది సెకన్లలో అందుకోకపోతే ఆపి తప్పు వెతకాలి. కార్బొరేటర్‌లోంచి మంట ఉమ్మితే చాలావరకు డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరగబడి కూర్చున్నట్టే. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచండి.

అందుకుందా, వెంటనే 2000కి ఎత్తేయాలి. ఒకరు సీట్లో ఉంటే, ఇంకొకరు టైమింగ్ లైటుతో డిస్ట్రిబ్యూటర్ దగ్గర. వాక్యూమ్ పైపు తీసి మూసేసి, వేగం మీద మొత్తం అడ్వాన్సు (పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడే కోణం) 34 నుంచి 36 డిగ్రీలు ఉండేలా సర్దాలి. టైమింగ్ వెనకబడితే ఎగ్జాస్టు గొట్టాలు కొలిమిలో ఇనుములా ఎర్రబడతాయి. రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాను పెట్టాలి, థర్మోస్టాట్ పళ్ళేనికి చిన్న బెజ్జం వేసుంటే గాలి ఇరుక్కోదు. వేడి 220 ఫారెన్‌హీట్ దాటినా, ఎక్కడైనా కారినా ఆపేయండి. చల్లారాక మిగతా నిమిషాలు నడపవచ్చు, ఏకధాటిగానే ఉండాలని నియమం లేదు. ఆయిల్ ప్రెషర్ మాత్రం పడిపోతే లెక్కలు వేయకుండా వెంటనే తాళం తిప్పి ఆపేయాలి.

ఆపాక వేడి మీదే ఆయిల్ దింపి, ఫిల్టరు కోసి కాగితం విప్పి వెలుతురులో చూడాలి. బూడిదరంగు పేస్టు మామూలే. అయస్కాంతానికి మెరికలు అతుక్కుంటే కామ్, అతుక్కోకుండా మెరిస్తే బేరింగు. ఏమీ లేకపోతే కొత్త ఆయిల్ పోసి రోడ్డెక్కి, గంటకి 30 మైళ్ళ నుంచి 50 మైళ్ళ వేగానికి బలంగా లాగి, యాక్సిలరేటర్ వదిలి తగ్గనిచ్చి, మళ్ళీ లాగుతూ ఎనిమిది పదిసార్లు చేయాలి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి కూర్చునేది ఈ లోడు మీదే. ఆ సాయంత్రం చల్లారాక ఎగ్జాస్టు బోల్టులు మరోసారి బిగించండి, వదులవుతాయి. 500 మైళ్ళకి ఆయిల్, ఫిల్టరు ఇంకోసారి మార్చాలి.