హంపీ కథని పదిహేనేళ్ళ దగ్గరే ఆపకండి

పోయిన ఆదివారం హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పిల్లల చెస్ టోర్నమెంట్ జరిగింది, మా బిడ్డ అండర్-11లో ఆడింది. ఆఖరి రౌండ్ అయ్యాక బహుమతులు ఇచ్చే ముందు ముఖ్య అతిథి మైకు పట్టుకుని, ఆడపిల్లలు కూర్చున్న వైపు తిరిగి, కోనేరు హంపీ పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, మీరూ అట్లా కావాలె అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దాయన మంచి మనసుతోనే అన్నాడు, మాటలో తప్పేమీ లేదు. కానీ ఈ మాట ఇప్పటికి ఎన్ని టోర్నమెంట్లలో విన్నానో, ప్రతిసారీ హంపీ కథ పదిహేనేళ్ళ దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. నా పక్క కుర్చీలో ఉన్నావిడ, వాళ్ళ అమ్మాయికి పదమూడేళ్ళు, మెల్లగా అంది: "ఇంక రెండేళ్ళే ఉంది మా దానికి, అయితదా ఏమన్నా అక్కా? టెన్త్ వస్తే మాన్పిస్తా అంటున్నరు వాళ్ళ డాడీ." ఆ మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

నాదీ హంపీదీ ఒకటే యేడు, 1987. ఆమె గుడివాడలో పుట్టింది, నేను ఇక్కడే. 2002 మే నెలలో ఆమె బుడాపెస్ట్‌లో చివరి నార్మ్ (గ్రాండ్‌మాస్టర్ కావాలంటే టోర్నమెంట్లలో చూపించాల్సిన స్థాయి ఆట, అట్లాంటివి మూడు కావాలి) పూర్తి చేసి, చెస్‌లో అన్నిటికంటే పెద్ద టైటిల్ అయిన గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి నేను పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నా. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు, అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన ఆడమనిషిగా హంగరీ ఆటగత్తె జూడిత్ పోల్గార్ పేరు మీదున్న రికార్డు కంటే మూడు నెలలు ముందు. మన దేశంలో ఆ టైటిల్ తెచ్చుకున్న మొదటి ఆడమనిషి. మా బాపు పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి చెస్ పెట్టెలో మడతపెట్టి దాచాడు. నాకు ఆట నేర్పింది బాపే, మంత్రిని వజీర్ అనేవాడు, మా బిడ్డ ఇప్పుడు క్వీన్ అంటుంది. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఒక నల్ల ఏనుగు మాత్రం లేదు. ఇంటర్‌లో నేను చేరిన కాలేజీ హాస్టల్లో బోర్డు కనబడితే వార్డెన్ తీసేసుకుంది, రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చేటప్పుడు తిరిగి ఇస్తే చూసుకున్నా, అప్పటికే ఏనుగు పోయింది. దాని బదులు అమ్మ కుట్టుమిషన్ దారం రీలు పెట్టింది. ఆ రెండేళ్ళు నేను ఒక్క ఎత్తు వేయలేదు, తర్వాత డిగ్రీ, ఆ తర్వాత పెళ్ళి, మళ్ళీ బోర్డు ముందు కూర్చున్నది బిడ్డకు నేర్పడానికే.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే టోర్నమెంట్లకు వచ్చే తల్లిదండ్రుల్లో కూడా చాలామందికి ఇది తెలియదు. ఆడవాళ్ళకు మాత్రమే ఇచ్చే డబ్ల్యూజీఎం (ఉమన్ గ్రాండ్‌మాస్టర్) అనే టైటిల్ వేరే ఉంది, దానికి నార్మ్‌లతో పాటు 2300 రేటింగ్ (ఆటగాళ్ళ బలాన్ని చూపే అంకె) సరిపోతుంది. హంపీది అది కాదు. ఆనంద్‌కి, కార్ల్‌సన్‌కి, మన వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేసికి ఉన్న అదే గ్రాండ్‌మాస్టర్ (జీఎం) టైటిల్, అవే మూడు నార్మ్‌లు, అదే 2500 రేటింగ్. ఆమె తర్వాత మన దేశంలో రెండో ఆడమనిషి, ద్రోణవల్లి హారిక, ఆ టైటిల్ అందుకోవడానికి 2011 వరకు పట్టింది. వైశాలి 2500 దాటింది 2023 డిసెంబర్‌లో. దివ్య దేశ్‌ముఖ్ 2025లో. ఇరవై మూడేళ్ళలో నలుగురు! వాళ్ళలో మొదటి ఇద్దరూ మన తెలుగువాళ్ళే అని చెప్పుకోవడం నాకు ఎప్పుడూ సంతోషమే, కానీ ఆ లెక్క చూస్తే భయం కూడా వేస్తుంది.

పదిహేనేళ్ళ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. 2006 దోహా ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు, 2007లో 2600 రేటింగ్ దాటింది, అప్పటిదాకా ఆడవాళ్ళలో అది చేసింది పోల్గార్ ఒక్కతే. అదే ఏడాది పద్మశ్రీ. వాళ్ళ నాన్న అశోక్ గారు ఉద్యోగం మానేసి కూతురికి కోచింగ్ ఇచ్చారు, చాంపియన్ అన్న మాట నుంచే హంపీ అన్న పేరు పెట్టుకున్నారు. ఇవన్నీ గెలుపులు. వీటి పక్కనే హో యిఫాన్ అనే చైనా అమ్మాయి ఉంది, హంపీ కంటే ఏడేళ్ళు చిన్నది. 2008 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో హంపీ ఓడింది ఆ అమ్మాయి చేతిలోనే. హంపీ జీఎం రికార్డును బద్దలుకొట్టింది కూడా ఆ అమ్మాయే, అదీ అదే ఏడాది. 2010లో మళ్ళీ సెమీఫైనల్, మళ్ళీ హో యిఫాన్. 2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం ఇద్దరికీ మ్యాచ్, ఎనిమిది గేమ్‌లలో మూడు ఓటములు, ఐదు డ్రాలు, హంపీకి ఒక్క గెలుపు కూడా రాలేదు. నాలుగేళ్ళలో మూడుసార్లు ఒకే మనిషి ఎదురుగా వచ్చి తలుపు మూసేస్తే ఏమనిపిస్తుందో ఆలోచించండి. ఆ క్లాసికల్ (గంటల తరబడి సాగే మామూలు ఆట) ప్రపంచ కిరీటం ఆమెకు ఇప్పటికీ దక్కలేదు. ఇది దాచాల్సిన విషయం కాదు, పిల్లలకు ముందు చెప్పాల్సిన విషయం అని నా గట్టి నమ్మకం.

2014లో హంపీకి పెళ్ళి, 2017లో కూతురు అహానా పుట్టింది. దాదాపు రెండేళ్ళు ఆట లేదు. చెస్‌లో రెండేళ్ళు అంటే బయటివాళ్ళకు చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఈ కంప్యూటర్ల కాలంలో ఓపెనింగ్‌లు నెలనెలా మారిపోతుంటాయి. నిరుడు బాగా పనిచేసిన లైను ఈ యేడు ఒక పదహారేళ్ళ పిల్లాడు ఇంజిన్‌తో తేల్చేసి కూర్చుంటాడు. తిరిగొచ్చినవాళ్ళు పాత పుస్తకం చదివి కొత్త పరీక్ష రాయాల్సి వస్తుంది. పైగా ఇంట్లో చంటిబిడ్డ. హంపీ 2018లో బటూమీ చెస్ ఒలింపియాడ్‌తో (దేశాల జట్ల పోటీ) మళ్ళీ వచ్చింది. 2019 డిసెంబర్‌లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ముగిసే ఆట) చాంపియన్, అది కూడా చైనా ఆటగత్తె లే టింగ్‌జీతో టైబ్రేక్‌లో ఆర్మగెడ్డాన్ అనే ఆఖరి తేల్చుడు గేమ్ దాకా వెళ్ళి. నెల తిరక్కముందే సెయింట్ లూయిస్‌కి పోయి 2020 ఫిబ్రవరిలో కెయిర్న్స్ కప్ అనే ఆడవాళ్ళ టోర్నమెంట్ గెలిచింది, సరే, నెలన్నర అనుకోండి. తాను టోర్నమెంట్లకు పోయినప్పుడు పాపను అమ్మానాన్నలు చూసుకుంటారని ఆమే చాలాసార్లు చెప్పింది. ఆ వాక్యం నాకు ఆమె గెలిచిన ఏ గేమ్ కంటే తక్కువ కాదు, ఎందుకంటే మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టాక అమ్మానాన్నలు ఇచ్చే సాయం ఉద్యోగానికైతే ఇస్తారు, ఆటకు పోతా అంటే ఎంతమంది ఇస్తారు?

2024 డిసెంబర్ నాటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు. అంతకుముందు ఆట సరిగా సాగక, ఇంక చాలించాలా అని కూడా అనుకున్నట్టు తర్వాత చెప్పింది. న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తు ఎత్తుకూ పది సెకన్లు అదనం. మొదటి రౌండే ఓడిపోయింది. చివరి రోజు మనకు అర్ధరాత్రి దాటాక ఆటలు. హనుమకొండలో ఆ చలికి రగ్గు కప్పుకుని, ఇంట్లో ఎవరూ లేవకుండా ఫోన్ సౌండ్ తగ్గించి యూట్యూబ్‌లో చూస్తూ కూర్చున్నా. చివరి రౌండ్ ముందు ఏడుగురు ఏడున్నర పాయింట్లతో సమానంగా ఉన్నారు. ఆమెకు నల్లపావులు, ఎదురుగా ఇండోనేషియా అమ్మాయి ఇరీన్ సుకందర్. ఒక్కో బోర్డు డ్రా అవుతూ వస్తోంది. హంపీ ముఖంలో మార్పేం లేదు, రెండు చేతులు బల్లమీద పెట్టి బోర్డు వైపే చూస్తోంది. నాకు మాత్రం టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టాయి, డిసెంబర్ చలిలో. ఆ ఏడుగురిలో చివరి రౌండ్ గెలిచింది ఆమె ఒక్కతే, పదకొండుకు ఎనిమిదిన్నర. రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. మా బిడ్డను లేపి చెప్దామని గదిలోకి పోయి, పాపం మంచి నిద్రలో ఉంది కదా అని దుప్పటి సర్ది వచ్చేశా.

అర్జున్ గురించి మా ఊళ్ళో అందరూ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. పద్నాలుగేళ్ళకే జీఎం, 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు. ఆ పిల్లాడి వల్ల హనుమకొండలో కోచింగ్‌కు పంపేవాళ్ళు పెరిగారు, అది నా కళ్ళతో చూశా. కానీ టోర్నమెంట్ హాల్లో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి చూడండి. చిన్న పిల్లల బల్లల దగ్గర రెండు జడలు, రిబ్బన్లు ఎన్నో కనబడతాయి. అండర్-15 బల్లల దగ్గరకు వచ్చేసరికి ఆడపిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళకు ఆట రాక కాదు. టెన్త్, ఇంటర్, ఎంసెట్, రాత్రి ఆలస్యంగా కాజీపేటలో రైలు దిగాలంటే తోడు ఎవరొస్తారన్న ప్రశ్న, ఇవి. మగపిల్లాడికి కూడా ఎంసెట్ ఉంటుంది, కానీ వాడిని పూర్తిగా మాన్పించరు, ఆదివారం ఆడుకోనిస్తారు. పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అన్న మాట ఆ పక్క కుర్చీ ఆవిడకు గడువులాగా వినిపించింది. ముప్పై ఏడేళ్ళకు ప్రపంచ చాంపియన్ అన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పా, ఆరోజే, పార్కింగ్ దగ్గర నిలబెట్టి. ఆమె ఫోన్ తీసి ఆ సంవత్సరం టైప్ చేసుకుంది, ఇంటికి పోయి చూపిస్తా అంది.

2025 జూలైలో బటూమీలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు ఇద్దరూ మన దేశంవాళ్ళే వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలు. నేను హంపీ, మా బిడ్డ దివ్య. ముప్పై ఎనిమిదేళ్ళకూ పంతొమ్మిదేళ్ళకూ ఆట. క్లాసికల్ గేమ్‌లు రెండూ డ్రా, మొదటి ర్యాపిడ్ డ్రా, రెండో ర్యాపిడ్‌లో టైమ్ తక్కువై ఒత్తిడి పెరిగిన దగ్గర హంపీ పొరబడింది, దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే దివ్య జీఎం కూడా అయింది, నార్మ్‌ల అవసరం లేకుండా. మా బిడ్డ సోఫా మీద ఎగిరి గంతేసి, నా ముఖం చూసి కూర్చుంది. కాసేపాగి అడిగింది, "మమ్మీ, ఇప్పుడు హంపీ ఆంటీ ఏం చేస్తది?" ఆడుతుంది అన్నా. డిసెంబర్‌లో దోహాలో ర్యాపిడ్ కాంస్యం తెచ్చినప్పుడు ఆ జవాబు గుర్తుచేశా, దానికి గుర్తే ఉంది.

పోయిన ఆదివారం టోర్నమెంట్‌లో మా బిడ్డ ఐదు రౌండ్లకు రెండున్నర. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిన్నాక, బాపు పెట్టె దింపి కింద చాప మీద బోర్డు పరిచింది. నల్ల ఏనుగు ఉండాల్సిన మూలలో దారం రీలు నిలబెట్టి, ఫోన్‌లో గడియారం పదిహేను నిమిషాలు, పది సెకన్లకు సెట్ చేసి, తెల్లపావులు నా వైపు తిప్పింది.

"ఆడు మమ్మీ," అంది. "టైమ్ పోతాంది."