ఒక్కడికెన్ని బియ్యం?

మన బడి బ్యాచ్‌లో చాలామందికి నేను ‘హోమ్ కుర్రాడి’గానే, అంటే పిల్లల సంరక్షణ హోమ్‌లో పెరిగినవాడిగానే గుర్తుంటాను. పేరు తర్వాతే. 2004 వేసవిలో నాకు 18 నిండాయి. రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, ఓ రేకు ట్రంకుపెట్టె, రెండు జతల బట్టలు, దుప్పటి ఇచ్చి పంపేశారు. ఆ హోమ్ పేరు రాయను, వాళ్ల అన్నం తిన్నవాణ్ణి. కానీ గేటు దాటాక ఎలా బతకాలో ఒక్కరూ చెప్పలేదు.

కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరి ఒలుపు పనికి కుదిరాను. కొట్టు వెనకే గది. మొదటిరోజు రాత్రి కిరసనాయిలు స్టవ్ వెలిగించి కూర్చున్నాను. హోమ్‌లో గుండిగల కొద్దీ వండటం చూశాను. బస్తాలు మోశాను, బియ్యం ఏరాను, గంజి వార్చాను. ఒక్కడికి ఎన్ని పొయ్యాలో మాత్రం తెలీదు. మానికెడు పోశాను. మూత లేచిపోయింది, గంజి పొంగి స్టవ్ ఆరిపోయింది. పక్కగది పిన్నిగారు వచ్చి చూసి, “పెళ్లివారొస్తున్నారేంట్రా? అరసోల పోసుకో, పనికెళ్లిన రోజు సోలెడు” అని తన సోల నా చేతిలో పెట్టింది. అది ఇప్పటికీ మా బియ్యం డబ్బాలోనే ఉంది.

బ్యాంకు ఖాతాకి ఎవరో ఒకరు పరిచయ సంతకం పెట్టాలన్నారు. మన లెక్కల మాస్టారే పెట్టారు. ఏడాదంతా నన్ను గోడకుర్చీ వేయించిన ఆయనే!

పని దొరికింది, కూలి దొరికింది. పండగే దొరకలేదు. సంక్రాంతికి కొట్టు మూసి అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి నడిచి వెళ్లాను. 11 రుద్రుల ప్రభలు (దేవుణ్ణి నిలిపి మోసుకొచ్చే ఎత్తైన వెదురు చట్రాలు), బాణాసంచా, జనం. గంగలకుర్రు అగ్రహారం ప్రభని భుజాలమీద కౌశిక కాలువ దాటిస్తుంటే నేనూ గొంతు పోయేలా అరిచాను. వెనకనుంచి మాస్టారు చెయ్యి వేశారు. “తిన్నావా?” అంతే అడిగారు. సైకిలెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఏ పండక్కీ నన్ను పిలవలేదు, వస్తాననే లెక్క.

2015 బాలల న్యాయ చట్టం వచ్చాక హోమ్ నుంచి బయటికొచ్చేవాళ్లకి 21 ఏళ్లదాకా ఆసరా ఇవ్వొచ్చు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకి 4,000 రూపాయలు. మంచిదే, గది అద్దెకి వస్తాయి. అడిగి రాయించుకొమ్మని కనిపించిన ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను.

మొన్న కనుమకి అలాంటివాళ్లు ఇద్దరు మా ఇంటికొచ్చారు. నాలుగు సోలలు పోశాం. చాల్లేదు, మళ్లీ ఎసరు పెట్టాం.