వేరొకరు నడుము కట్టిన రోజులు

తుంటి దగ్గర ఎముక విరిగితే ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి వాలిపోతుంది. బాత్రూంలో పడ్డాక నా ఎడమ పాదం సరిగ్గా అలాగే ఉంది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, ఎక్స్‌రే రాకముందే సంగతి అర్థమైంది. "నన్ను లేపొద్దమ్మా, 108కి ఫోన్ చెయ్యి" అన్నాను కోడలితో. పడ్డ మనిషిని చూడగానే చంకల్లో చేతులు వేసి కూర్చోబెట్టబోతారు. విరిగిన ముక్కలు ఇంకా జరిగేది అప్పుడే. తల కింద పల్చటి దిండు, కాలికి రెండు పక్కలా దుప్పటి చుట్టలు, అంతే.

నాకు 73. నాకు విరిగింది తొడ ఎముక మెడ, ఆ చోట విరిగితే ఎముక తలకు రక్తం సరిగా అందదు, అతుక్కుంటుందన్న నమ్మకం తక్కువ. అందుకని ఈ వయసులో తల తీసేసి లోహపుది పెడతారు, బైపోలార్ అంటారు. 48 గంటల లోపు ఆపరేషన్ అయితే మంచిది. ఆలస్యమైన కొద్దీ ఊపిరితిత్తుల్లో నిమ్ము, పిరుదుల మీద పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు. నన్ను ఆపరేషనైన మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు.

ఆపరేషనైన రెండు రాత్రులు నేను తిక్కతిక్కగా మాట్లాడానట. దీన్ని డెలీరియం అంటారు, ముసలివాళ్లలో మామూలే. మన క్రైస్తవ సంఘాల్లో దీన్ని దయ్యం అనుకుని మంచం చుట్టూ చేరి గట్టిగా గద్దించేవాళ్లు ఉన్నారు. ప్రార్థన చెయ్యండి, కాకపోతే మెల్లగా. ఈలోగా రక్తంలో సోడియం, ఆక్సిజన్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చూడమని డాక్టరును అడగండి. కళ్లజోడు పెట్టండి, చెవి మిషన్ ఉంటే అదీ. గోడకు గడియారం, రాత్రి చిన్న లైటు, పక్కన తెలిసిన ముఖం ఒకటి చాలు. చేతులు మాత్రం కట్టెయ్యకండి, ఇంకా పెనుగులాడతారు.

నాకు కోత వెనక వైపు నుంచి పెట్టారు కాబట్టి మూడు నెలలు మూడు నిషేధాలు: తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఎడమ పాదం లోపలికి తిప్పకూడదు. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు. కింద పడ్డ చెంచా తీసుకోబోయి కీలు జారిపోయినవాళ్లను నా వార్డులోనే చూశాను. పీట, చాప, ఇండియన్ లెట్రిన్ ఇక లేనట్టే. కూర్చునే ఎత్తు మోకాటి మడత కంటే రెండంగుళాలు ఎక్కువ ఉండాలి, నాకది 19 అంగుళాలు. మామూలు ప్లాస్టిక్ కుర్చీ అంతకంటే తక్కువ ఎత్తు, పైగా చేతులు లేనివి మరీ ప్రమాదం. వెస్టర్న్ కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు బిగించాం, కుడిచేతి వైపు గోడకు పట్టుకునే కడ్డీ. తువ్వాలు వేలాడదీసే రాడ్డును పట్టుకుని లేచారంటే రాడ్డుతో సహా పడతారు.

మంచం మీంచి లేపడం చెబుతాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చేతులు పట్టుకుని ముందుకు లాగకూడదు. మా కోడలు నూలు చున్నీని నాలుగు మడతలు పెట్టి నా నడుముకు గట్టిగా కట్టేది. తను నా ఎడమ పక్క నిలబడి వెనక నుంచి ఆ కట్టు పట్టుకునేది. నేను మంచం అంచుకు జరిగి, ఎడమ కాలు ముందుకు చాచి, రెండు చేతులతో పరుపును నొక్కుతూ లేవాలి. లేచాకే వాకర్ పట్టుకోవాలి. కూర్చునే వాకర్ పట్టి లాగితే అది మీదికే వస్తుంది. "అత్తయ్యా, తొందరేం లేదు" అని ఒక నిమిషం నిలబెట్టేది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లేవగానే కళ్లు తిరుగుతాయి గనక. తర్వాత వాకర్, ఎడమ కాలు, కుడి కాలు, అదే వరస. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు.

ప్రభువు పేతురుతో అన్నమాట, ముసలివాడవైనప్పుడు చేతులు చాచుతావు, వేరొకడు నీ నడుము కడతాడు (యోహాను 21:18), ఎన్ని ప్రసంగాల్లో విన్నానో. అది పేతురు మరణాన్ని గురించి చెప్పింది, నిజమే. అయినా చున్నీ ముడి పడుతుంటే ఆ మాట నా గురించే అన్నట్టు తోచేది. ఇన్నాళ్లూ కట్టిన చేతులకు కట్టించుకోవడం రాదు. 1805లో ఇదే విశాఖపట్నానికి వచ్చి సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్న లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్‌లలో ఒకరు 1809లో, ఒకరు 1810లో పోయారు. తల నెరవడం వాళ్ల వంతుకు రాలేదు. నేను సణుక్కోవడం మానేశాను, చాలావరకు.

తిండి సంగతి. 52 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు అనుకున్నాం. రెండు గుడ్లకు 12, వంద గ్రాముల చేపకు ఇంచుమించు 20, గ్లాసు పాలకు 6, మిగతాది పప్పు, పెరుగు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరునడిగే తినాలి. ఎండు మెత్తళ్లు ముళ్లతో తినొచ్చు, కాల్షియమే, కానీ ఉప్పు ఎక్కువ, నాకు వద్దన్నారు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్ 35 రోజులు పొడిచారు. పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పరామర్శకు సంఘస్తులు వచ్చారు, మంచిదే. మంచం మీద కూర్చోకండి, పది నిమిషాల్లో లేవండి. పళ్లు తెచ్చే బదులు ఒకరు మధ్యాహ్నం రెండు గంటలు నా దగ్గర ఉంటే కోడలు నిద్రపోతుంది. మా స్త్రీల సమాజంలో ఇద్దరికి ఈ మాట చెబితే వంతులు వేసుకుని వచ్చారు. ఇంకొకటి కూడా చూశాను: తల్లికి కమోడ్ కుర్చీ కొనరు గానీ కృతజ్ఞత కూటం పెట్టి బిర్యానీ వడ్డిస్తారు. తలిదండ్రులకు రావలసినది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అనేవాళ్లను యేసు తిట్టింది (మార్కు 7:11) సరిగ్గా ఇలాంటి లెక్కకే. తలిదండ్రులను ఘనపరచడమంటే ఆ కాలంలో కూడా అన్నం, బట్ట, ఖర్చు.

నాలుగో నెలలో గుడికి వెళ్లాను. కీర్తనకు అందరూ లేస్తే నేనూ లేవబోయాను. "కూర్చోండమ్మా" అన్నారు పాస్టరు అయ్యగారు. నిజమే, లేవీయకాండం 19:32లో తల నెరసినవాళ్ల ఎదుట లేవమన్నాడు గానీ తల నెరసినవాళ్లను లేవమనలేదు.

ఇప్పుడు చేతికర్ర. కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి, జబ్బు కాలితో పాటు ముందుకు పడాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. చెయ్యి వదిలేసి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. తొడగూడు దెబ్బతిన్న యాకోబు చనిపోయే ముందు కర్ర మీద ఆనుకునే దేవునికి నమస్కరించాడు (హెబ్రీ 11:21). ఆయన కర్రకు రబ్బరు బుష్ ఉండి ఉండదు. నా దానిది అరిగి నున్నబడింది, మన సముద్రపు చెమ్మకు టైల్స్ మీద జారుతోంది. రేపు మార్చాలి.