కొనేది నువ్వు, చదివేది నేనా?

విజయవాడ పుస్తక మహోత్సవంలో మా అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. పన్నెండేళ్ల పిల్ల. దాని చేతిలో మిరపకాయ బజ్జీ, నా చేతుల్లో రెండు సంచుల పుస్తకాలు. పిల్లల కథల పుస్తకం ఒకటి తీసి "ఇది చూడు తల్లీ, అక్షరాలు పెద్దగా ఉన్నాయి, నీకు తేలిగ్గా ఉంటుంది" అన్నాను. అది పుస్తకం వైపు చూడనే లేదు, నా సంచుల వైపు చూసింది. "కొనేది నువ్వు, చదివేది నేనా? ఇంట్లో ఉన్నవి ముందు నువ్వు చదువు నాన్నా" అంది. స్టాల్లో కూర్చున్న పెద్దాయన నవ్వు దాచుకోవడానికి బిల్లు పుస్తకంలోకి తల దూర్చేశాడు. నేను మొండిగా ఆ పుస్తకం కూడా కొన్నాను.

ఆ మాటలో వెటకారం మాత్రం మనబడిలో, అంటే అమెరికాలో అది శనివారాలు వెళ్లే తెలుగు బడిలో, నేర్పింది కాదు. అచ్చం గుంటూరు సరుకు.

ఈ ఉత్సవం 1989 నుంచి జరుగుతోంది. మా చిన్నప్పుడు స్వరాజ్య మైదానంలో పెట్టేవారు. గుంటూరు నుంచి నాన్న నన్ను బస్సులో తీసుకొచ్చేవాడు. ఆ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, పుస్తకాలేమో మునిసిపల్ స్టేడియానికి చేరాయి. జనవరి మొదటివారంలో ఇక్కడ ఉండాలని పిల్ల బడికి ఎగనామం పెట్టించి మరీ టికెట్లు కొంటాను. వేసవిలో వస్తే మామిడిపళ్లయినా తినొచ్చు కదా అని మా ఆవిడ గొణుగుతూనే ఉంటుంది. నేను వినను. పిల్లకి తెలుగు పుస్తకాల వాసనైనా తగలాలి అంటాను. అలా అన్నప్పుడు నా గొంతు నాకే గొప్పగా వినిపిస్తుంది.

1981కీ 1996కీ మధ్య పుట్టినవాళ్లను మిలీనియల్స్ అని లెక్కేస్తారు. ఆ వరసలో నాది ముందు బెంచీ. మా తరంవాళ్లం పిల్లలకు చెప్పే కథ ఒకటుంది, నా వయసు తెలుగువాళ్లు ఎవరింటికి వెళ్లినా అదే వినిపిస్తుంది: మా రోజుల్లో ఫోన్లు లేవు, మేం పుస్తకాలు నమిలేసేవాళ్లం. నేనైతే ఇంకాస్త మసాలా వేస్తాను. బ్రాడీపేటలో మా ఇంటికి నాలుగడుగుల్లో అద్దె పుస్తకాల కొట్టు, డిపాజిట్ కట్టి రోజుకో పుస్తకం తెచ్చుకోవడం, ఒక్కోసారి ఆఖరి పేజీ చిరిగిపోయి హంతకుడెవరో తెలియకపోవడం, నెల మొదట్లో చందమామ కోసం అక్కతో కుస్తీ. అన్నీ నిజాలే. కాకపోతే కథ పదో తరగతి దగ్గర ఆపేస్తాను.

ఆ తర్వాతేమైందో మా వైపు పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ ర్యాంకులు అరిచే ప్రకటనలు మొదలైన కాలం. పది పాసవగానే కృష్ణ దాటించి విజయవాడ శివార్లలో ఒక హాస్టల్లో పడేశారు. చేరిన రోజు కౌంటర్లో కూర్చున్నాయన తలెత్తకుండానే "సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమేగా" అన్నాడు. అడగడం కాదు, రాసేసుకుంటూ చెప్పడం. మా నాన్న స్నానం చేస్తూ పోతన పద్యాలు పాడే మనిషి. "మార్కులొస్తాయటగా" అని సంతకం పెట్టాడు. మార్కులొచ్చాయి కూడా. జవాబులు తెలుగు లిపిలోనో, ఇంగ్లిష్‌లోనో రాసుకోవచ్చు కాబట్టి సంస్కృతమూ రాలేదు. నాలుగు శ్లోకాలు, రెండు శబ్దాలు బట్టీ పడితే సరిపోయింది. అలా బడిలో నా తెలుగు పదో తరగతి పబ్లిక్ పరీక్షతో సరి. మా బ్యాచ్‌లో తెలుగు తీసుకున్నవాడు ఒక్కడూ గుర్తు లేడు.

హాస్టల్లో కథల పుస్తకం కనిపిస్తే వార్డెన్ లాక్కునేవాడు. తెల్లారగట్ల స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా మెటీరియల్, బిట్లు, మళ్లీ బిట్లు. చదువుకు కొదవ లేదు, చదవడానికే ఏమీ ఉండేది కాదు. ఆదివారాలు అమ్మ జంతికలు, సున్నుండలు కాగితాల్లో పొట్లం కట్టి తెచ్చేది. తినేది అందరం పంచుకునేవాళ్లం, కాగితం దగ్గర మాత్రం తగువే. నూనె ఇంకి రెండువైపులా అక్షరాలు ఒకదాని మీద ఒకటి కనపడే ఆదివారం అనుబంధం ముక్క. ఓ సారి సగం కథ వచ్చింది. పెళ్లి చూపుల్లో పిల్ల కాఫీ కప్పు కింద పెట్టేసి "నేనొకటి అడగాలి" అంటుంది, అక్కడ కాగితం చిరిగిపోయింది. ఏమడిగిందా అని ఆ వారమంతా గదిలో చర్చ. ఒకడు కట్నమన్నాడు, ఒకడు వేరే అబ్బాయి అన్నాడు. ఇంటర్ రెండేళ్లలో నేను మనసుపెట్టి చదివిన తెలుగు సాహిత్యం ఏదంటే ఆ సున్నుండల కాగితమే.

ఇదంతా మా అమ్మాయికి చెప్పలేదు. చెబితే "మరి నువ్వే వదిలేశావుగా" అంటుంది. మార్కుల కోసం తెలుగు వదిలేసినవాడు, ఏ మార్కులూ లేకుండా ఉత్త ప్రేమతో నేర్చుకోమని ఇంకొకరి శనివారాలు లాక్కుంటున్నాడు. నేనే జడ్జినైతే ఈ కేసులో తీర్పు పిల్ల వైపే ఇస్తాను.

అమెరికా వచ్చాక మా తరానికి తెలుగు మీద మళ్లీ ప్రేమ పుట్టింది. పుట్టిందంటే, కొనడం మొదలుపెట్టాం. 2010లో తెలుగు ఈ-పుస్తకాలమ్మే కినిగె సైటు వచ్చినప్పుడు సంబరంగా ఖాతా తెరిచాను. కొన్న ఈ-పుస్తకాల్లో ముందుమాట దాటినవి తక్కువ. హార్డ్ డిస్కులో చందమామ పాత సంచికలు 1947 జూలై నాటి మొదటిదాంతో సహా ఉన్నాయి. ఎవరో గ్రూపులో పంపారు, దించుకున్నాను, దండం బొమ్మ పెట్టాను, అంతే. మా ఫ్రెండ్స్‌లో ఎవరి దగ్గర చూసినా ఇదే నిల్వ. ఆవకాయ జాడీ వాసెన కట్టి అటక మీద పెట్టినట్టు పెట్టుకున్నాం, మూత తీసేవాడు లేడు. కారులో ఆడియో పుస్తకం ఒకటిన్నర స్పీడులో పెడతాను, ఎగ్జిట్ దాటిపోతే వెనక్కి వెళ్లేది కారే కానీ కథ కాదు. రాత్రి పదింటికి పుస్తకం తెరుస్తాను, మధ్యలో ఒక నోటిఫికేషన్, ఆ తర్వాత చదివేదంతా ఫోన్లోనే. ఎవరో తెలియని ఇద్దరు ఏదో సినిమా గురించి కొట్టుకోవడం పన్నెండు దాకా శ్రద్ధగా చదువుతాను.

ప్యూ రిసెర్చ్ సెంటర్ 2016లో అమెరికాలో చేసిన సర్వే ఒకటి చూసి పొంగిపోయాను. అంతకు ముందు ఏడాదిలో పబ్లిక్ లైబ్రరీ వాడుకున్నవాళ్లు మిలీనియల్స్‌లో 53 శాతం. మా ముందు తరంలో 45, అంతకు ముందు తరమైన బూమర్లలో 43. మేమే ముందున్నాం! ఆ అంకెలు మా ఆవిడకి చూపిస్తే "నిన్ను అడిగితే నువ్వూ వెళ్తాననే చెబుతావుగా, పిల్ల పుస్తకాలు డ్రాప్ బాక్సులో వేసి వస్తావు కాబట్టి" అంది. నిజమే, లైబ్రరీ మెట్లు నేను బాగానే ఎక్కుతాను, చేతిలో పిల్ల పుస్తకాలతో.

మొన్న స్టేడియం నుంచి గుంటూరు వెళ్తూ కారులో పిల్లకి ఉపన్యాసం మొదలుపెట్టాను. గ్రంథాలయోద్యమం మన బెజవాడలోనే ఊపందుకుంది తెలుసా, 1911లో రామమోహన గ్రంథాలయం పెట్టారు, 1914లో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్యగారని ఒకాయన జీవితమంతా లైబ్రరీలకే ధారపోశాడు. పిల్ల శ్రద్ధగానే విని "నువ్వు ఆ లైబ్రరీలో ఏం బుక్స్ చదివావు?" అంది. వారధి మీద ట్రాఫిక్ ఎలా ఉందో డ్రైవర్ని అడిగాను.

సలహా ఇవ్వమంటే ఇస్తాను, మన దగ్గర సలహాలకు లోటేముంది. రాత్రి పావుగంట పక్కన కూర్చుని చదివించండి, మీరూ చదవండి, తప్పులు దిద్దకండి. నేను మొదటి రెండూ చేశాను. మూడోది నావల్ల కాలేదు. "ళ"ని "ల" అన్నప్పుడల్లా నా మొహం నాకు తెలియకుండానే మారుతుందట, అదే చెప్పింది. ఆ తర్వాత పావుగంట కాస్తా ఆదివారాలకు తగ్గింది, ఆదివారాలు సాకర్‌కి పోయాయి.

దానికి చదవడం రాక కాదు. ఐదొందల పేజీల ఇంగ్లిష్ ఫాంటసీ వారాంతంలో ఊదేస్తుంది, దుప్పటి కింద టాబ్లెట్ పెట్టుకుని. అది చూసి నేను "స్క్రీన్ టైమ్" అని కేకలేస్తాను. అదే తెలుగు పుస్తకమైతే దుప్పటి నేనే కప్పేవాణ్ని. మనబడి వాచకం మాత్రం స్పష్టంగా, ఒత్తులతో సహా, గడగడా చదువుతుంది. కథలో ఏమైందంటే తెల్లమొహం వేస్తుంది. అలా చదవడం నాకు బాగా తెలుసు, మెటీరియల్ నేను అలాగే చదివాను. మరి నేను దానికి తెలుగు ఇస్తున్నానా, ఇంకో సబ్జెక్టు తగిలిస్తున్నానా? తెలియడం లేదు. పోనీ వదిలేద్దామా అంటే, నాన్న పద్యం పాడుతుంటే అర్థం కాని మనవరాలు గుర్తొస్తుంది. వదల్లేను. చేతకాని పట్టుదల.

గుంటూరులో మా అమ్మ బీరువాలో కుట్టిన సీరియళ్లు ఉన్నాయి. వారపత్రికల్లోంచి వారం వారం పేజీలు చించి, దబ్బనంతో చిల్లులు పొడిచి, పురికొసతో కుట్టి, పైన ఎవరిదో పెళ్లి శుభలేఖ అట్టగా అంటించినవి. కుట్టు దగ్గర పేజీలు పూర్తిగా తెరుచుకోవు, వరసకో అక్షరం కుట్టులో దాక్కుంటుంది. అంచుల్లో అమ్మ పెన్సిల్‌తో పెట్టిన పాల లెక్కలు. మా అమ్మాయి ఆ పాల లెక్కలు చూడ్డానికి తెరిచింది. తర్వాత బొమ్మలు చూసింది. తర్వాత నానమ్మ పక్కన చేరి చదివించుకోవడం మొదలుపెట్టింది. ఒకచోట రెండు వారాలు లేవు. పక్కింటివాళ్లు తీసుకెళ్లి ఇవ్వలేదట. ఆ రెండు వారాల్లో జరిగిందంతా అమ్మ నోటితోనే చెప్పింది. హీరోయిన్ ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందో, ఎవరి తప్పో, ఆ అత్తగారు ఎలాంటిదో. అమ్మ సొంత కల్పన ఎంత కలిసిందో దేవుడికే తెలియాలి. పిల్ల ఇంగ్లిష్‌లో ప్రశ్నలేసింది, అమ్మ తెలుగులో జవాబులిచ్చింది, ఎవరూ ఎవరి "ళ" దిద్దలేదు. నేను కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. మెల్లగా లోపలికి వెళ్లి "ఇక్కడ నువ్వే చదువు తల్లీ, ఈ లైను తేలికే" అన్నాను. పిల్ల లేచి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి వెళ్లిపోయింది. అమ్మ నా వైపు చూసిన చూపు గురించి రాయను.

సర్దుకునే రోజు మళ్లీ అదే లొల్లి. పెట్టెకి ఇరవైమూడు కేజీలు. ఒకవైపు కారప్పొడి, గోంగూర పచ్చడి, ఇంకోవైపు నా సంచులు. మా ఆవిడ తూకం మిషన్ పట్టుకుని నిలబడింది. నేను పచ్చడి సీసా ఒకటి తీసి పుస్తకాలు కుక్కాను. ఆ కుట్టిన సీరియల్ కూడా ఇవ్వమని అమ్మనడిగాను, పిల్ల చదువుతోందిగా అని.

"నీకిస్తే అద్దాల బీరువాలో పెడతావు" అంది అమ్మ. "ఇక్కడే ఉండనీ. మిగతాది దానికి ఫోన్లో నేను చెప్తాలే. నువ్వు మాత్రం మధ్యలో దూరకు."