ఆ రిపోర్టులో ఉన్నది నేనే

మా పాపకు డెంగీ వచ్చి తగ్గి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా "ఆఁ, తగ్గిపోయింది" అని మాట మార్చేసేదాన్ని. రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇప్పుడు భయం పోయింది. కోపం మాత్రం కొంచెం మిగిలింది, అదీ పోయేలోగా రాసేయాలి.

పాపకు అప్పుడు ఏడో నెల నడుస్తోంది. జ్వరం వచ్చిన మొదటి రోజు చూపించిన డాక్టరు "పళ్ళు వస్తున్నాయి, కంగారు పడకండి" అన్నారు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు నేనే పట్టుబట్టి రక్తపరీక్ష చేయించాను. ఎన్‌ఎస్1 పాజిటివ్, అంటే డెంగీయే. ఆస్పత్రిలో చేర్చడం, సంతకాలు, సూదులు, ఇవన్నీ చేర్చినవాళ్ళందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

నా గొడవంతా ఆ రిపోర్టులో కింద ఉన్న రెండు వరసలతో మొదలైంది. ఐజీఎం లేదు, ఐజీజీ ఉంది. రెండూ వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలే. ఐజీఎం కొత్తగా సోకినప్పుడు ముందు వస్తుంది, ఐజీజీ తర్వాత వచ్చి చాలాకాలం ఉంటుంది. రౌండ్స్‌కి వచ్చిన కుర్ర డ్యూటీ డాక్టరు అది చూసి "ఐజీజీ ఉందంటే రెండోసారి అన్నమాట" అన్నాడు.

"ఆరు నెలల పిల్లకి మొదటిసారి ఎప్పుడు వచ్చింది డాక్టర్ గారూ?" అన్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు. "మీకెప్పుడైనా డెంగీ వచ్చిందా?"

వచ్చింది. పెళ్ళైన కొత్తలో, పాప కడుపున పడడానికి ముందు. వారం రోజులు పడుకుని లేచాను. తర్వాత దాని సంగతే మర్చిపోయాను.

"అయితే ఇవి మీ యాంటీబాడీలేనమ్మా. ఈ వయసు పిల్లల్లో ఒక్కోసారి తల్లి ఇచ్చినవే జబ్బును పెంచుతాయి" అని పక్క బెడ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు ఆ మాటకి. పక్కనే ఉన్న అత్తయ్య "అంటే నీ నుంచే వచ్చిందంటాడా?" అంది. ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. కాసేపాగి "పోనీ, పాలు ఆపేద్దామా?" అంది. మా ఆయన ఫోనులో ఏదో వెతుకుతూ కూర్చున్నారు, వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఆ మధ్యాహ్నం నేను పాలు పిండి సింకులో పారబోశాను. పాప రొమ్ము కోసం వెతుక్కుంటుంటే డబ్బా పాలు పట్టాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం డ్యూటీకొచ్చిన సిస్టర్ సంగతి తెలుసుకుని కేకలేసింది. "ఎవరు చెప్పారమ్మా నీకు? కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా వెళ్ళాల్సిన యాంటీబాడీలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. పాలల్లో ఉండేవి వేరు, అవి పేగుల్లో పనిచేస్తాయి. ఈ జబ్బుని ఎక్కువ చెయ్యవు. ఇప్పుడు పిల్లకి నీళ్ళే మందు, పాలు పట్టు ముందు!" ఆవిడ తిట్టిన ఆ తిట్లకి నేను రుణపడి ఉన్నాను.

నాలుగో రోజు రాత్రి జ్వరం దిగింది. నూట మూడు దగ్గర మొండికేసినది తొంభై ఎనిమిదికి వచ్చేసరికి అందరం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం. అత్తయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని నడుం వాల్చింది. మా ఆయన బయట బెంచీ మీద నిద్రపోయారు. నేనూ కునుకు తీశాను.

రెండింటికి మెలకువ వచ్చింది. పాప ఏడవడం లేదు, అదే నన్ను లేపింది. ఒళ్ళు ముట్టుకుంటే పొట్ట వెచ్చగా ఉంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. రొమ్ము నోటికి అందిస్తే పట్టుకోలేదు. డైపర్ చూశాను, సాయంత్రం ఎనిమిదింటికి వేసినది వేసినట్టే పొడిగా ఉంది. నిద్రేమో, లేపడం ఎందుకని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణం గురించే తర్వాత నెలల తరబడి కలలొచ్చాయి.

సిస్టర్ వచ్చి పాప బొటనవేలు నొక్కి వదిలింది. తెల్లబడిన చోట రంగు తిరిగి రావాలి కదా, రాలేదు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాను. ఆవిడ పరుగెత్తింది.

వచ్చింది ఆ కుర్ర డాక్టరే. ఎక్కడ పడుకున్నాడో, జుట్టంతా చెదిరిపోయి ఉంది. అంతకుముందు వేసిన సూది వాచిపోయింది, ఇంకో నరం దొరకాలి. చల్లబడిన అంత చిన్న చేతిలో నరం దొరకడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క పోటుతో పెట్టాడు. చేరినప్పుడు ముప్పై మూడున్న పీసీవీ, అదే రక్తంలో ఎర్రకణాల శాతం, నలభై రెండుకి పోయింది. అంటే రక్తంలోని నీరు నరాల గోడల్లోంచి కారిపోయి రక్తం చిక్కబడుతోందన్నమాట. సెలైన్ లెక్కగట్టి ఎక్కిస్తూ తెల్లారేదాకా పాప కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. నేను పొద్దుటి నుంచీ ఎవర్ని మనసులో తిట్టుకుంటున్నానో అతనే. ఆరింటికి డైపర్ తడిసింది. ఆ తడి చూసి అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను, వెంటనే ఏడ్చాను. ఆ మాటకి అతన్ని క్షమించానా అంటే లేదు. అతను కనిపిస్తే కాళ్ళకి దణ్ణం పెడతానా అంటే పెడతాను.

తర్వాతి రోజంతా బంధువులు ఫోన్లు చేసి "ప్లేట్‌లెట్లు ఎక్కించారా?" అని ఒకటే పోరు. ముప్పై ఎనిమిది వేలకి పడ్డాయి, ఎక్కించలేదు. రక్తస్రావం లేనప్పుడు ఆ అంకె చూసి ఎక్కించక్కర్లేదని పెద్ద డాక్టరమ్మ తేల్చేశారు. అసలు చూడాల్సింది పీసీవీ, మూత్రం, కాళ్ళూ చేతుల వెచ్చదనం అన్నారు. కారిన నీరు రెండు రోజుల్లో మళ్ళీ రక్తంలోకి వస్తుందట, అప్పటికి సెలైన్ తగ్గించకపోతే ఊపిరితిత్తుల్లో చేరుతుందట. అలాగే తగ్గించారు.

డిశ్చార్జి రోజున ఆ డాక్టరమ్మని అడిగేశాను. "నా వల్లేనా మేడమ్?"

ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆ కుర్రాడు చెప్పింది సగమేనన్నారు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. నాకొచ్చిన రకానికి తయారైన ఐజీజీ ఎక్కువగా చివరి మూడు నెలల్లో మాయ దాటి పాపకు చేరింది. ఐజీఎం మాయ దాటదు. మొదటి నెలల్లో ఆ ఐజీజీ నిండుగా ఉంటుంది, కాపలా కాస్తుంది. నెలనెలా తరుగుతూ వచ్చి ఆరేడు నెలలకి పల్చబడుతుంది. "పదిమంది పోలీసులు చుట్టుముడితే దొంగ కదల్లేడు. ఒక్క కానిస్టేబులే వెంట ఉన్నాడనుకో, పోలీసే ఉన్నాడు కదా అని వాచ్‌మన్ గేటు తీసేస్తాడు" అన్నారు. పల్చబడిన యాంటీబాడీ వైరస్‌ని పట్టుకుంటుంది కానీ చంపలేదు, దాన్ని చూసి కణమే లోపలికి రానిస్తుంది, లోపల వైరస్ పెరుగుతుంది.

ఇంటికొచ్చాక నేనూ చదివాను. 1960ల్లో బ్యాంకాక్‌లో పనిచేసిన స్కాట్ హాల్‌స్టెడ్ అనే డాక్టరు గమనించాడట. తీవ్రమైన డెంగీ రెండోసారి సోకిన పిల్లల్లోనూ, మొదటిసారే సోకిన ఏడాదిలోపు పసివాళ్ళలోనూ కనిపిస్తోందని. ఆ పసివాళ్ళ తల్లులందరికీ అంతకుముందే డెంగీ సోకి ఉంది. ప్రతి పసిపిల్లకీ ఇలాగే అవుతుందని కాదు, చాలామందికి మామూలు జ్వరంగా పోతుంది. పసివాళ్ళ విషయంలో ఇదొక్కటే కారణమా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చికున్‌గున్యా అయితే వేరే కథ. ముందెప్పుడో వచ్చి తగ్గిన తల్లి యాంటీబాడీలు బిడ్డని కాస్తాయి, సరిగ్గా కాన్పు రోజుల్లో తల్లికి సోకితేనే ప్రమాదం. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో అలా కాన్పు సమయానికి రక్తంలో వైరస్ ఉన్న తల్లులకి పుట్టినవాళ్ళలో దాదాపు సగం మందికి సోకిందట. ఇది చదివి అర్ధరాత్రి మా ఆయన్ని లేపి వినిపించాను. "పడుకో" అన్నారు.

పాపతో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, జ్వరం దిగిన రాత్రి నిద్రపోకండి. వంతులేసుకుని కూర్చోండి, డైపర్లు లెక్కపెట్టండి, పాదాలు ముట్టుకుంటూ ఉండండి. పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్ లాంటివి ఎవరు చెప్పినా వెయ్యకండి. పాలు ఆపకండి. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది కాబట్టి పాప మధ్యాహ్నం నిద్రకి కూడా దోమతెర కట్టండి. మేం రాత్రి మాత్రమే కట్టేవాళ్ళం.

పోయిన నెల ఏడాదిన్నర టీకాకి వెళ్ళినప్పుడు ఐజీజీ పరీక్ష మళ్ళీ చేయమని అడిగాను. దానివల్ల వైద్యమేమీ మారదు, డబ్బు దండగ అన్నారు డాక్టరమ్మ. అయినా చేయించాను. రిపోర్టు పాజిటివ్. నావి ఈపాటికి పూర్తిగా పోయి ఉంటాయట, ఇవి పాప సొంతంగా చేసుకున్నవి. వచ్చిన రకం మళ్ళీ రాదు, మిగతా మూడింటితో మాత్రం జాగ్రత్తగా ఉండాలి అన్నారు. రెండు రిపోర్టులూ ఒకే ఫైల్లో పెట్టాను. పాతదాని మీద పెన్సిల్‌తో 'అమ్మవి' అనీ, కొత్తదాని మీద 'పాపవి' అనీ రాశాను. అత్తయ్య చూసి ఏమీ అనలేదు, దోమతెర కట్టడానికి లేచింది.