తువాలు విప్పాక అడిగిన ప్రశ్న

ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం, యేసు ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, మా విచారణ చర్చిలో బలిపీఠం ముందు బల్ల వేసి పన్నెండు మందిని కూర్చోబెడతారు. ఫాదర్ గారు పైవస్త్రం తీసి, నడుముకు తువాలు చుట్టుకుని, ఒక్కొక్కరి పాదం మీద చెంబుతో నీళ్ళు పోసి, తుడిచి, ముద్దుపెట్టుకుంటారు. ఒకప్పుడు ఆ బల్ల మగవాళ్ళదే. 2016లో ఫ్రాన్సిస్ పోపు గారు నియమం మార్చి ఆడవాళ్ళు కూడా కూర్చోవచ్చన్నాక ఒక ఏడాది నన్నూ పిలిచారు. ఆ రోజు నేనేం చేశానో చెప్పనా? ఇంటి దగ్గరే సబ్బు పెట్టి, మడమలు రాయికేసి రుద్ది రుద్ది, తళతళలాడే పాదాలతో గుడికి వెళ్ళాను. మిగతా పదకొండు మందీ అంతే. మురికి పాదం ఫాదర్ గారి చేతిలో పెట్టడానికి సిగ్గు మరి.

కడరా భోజనం, అంటే ప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనం, అనగానే మనకు రొట్టె, ద్రాక్షరసం గుర్తొస్తాయి. బైబిల్లో ప్రభువు కథ చెప్పే నాలుగు సువార్తల్లో మూడు ఆ సంగతే చెబుతాయి. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో మాత్రం ఆ చోట పళ్ళెం, నీళ్ళు, తువాలు కనిపిస్తాయి. కాళ్ళు కడగడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. గడప దగ్గర చుట్టానికి కాళ్ళకు నీళ్ళిస్తాం, పెళ్ళిపీటల మీద అల్లుడి కాళ్ళు కడుగుతాం. కానీ అక్కడ కడిగించుకునేవాడు పెద్ద. ఇక్కడ గురువే వంగి శిష్యుల కాళ్ళు పట్టుకున్నాడు. ఆ శిష్యుల్లో ఒకడైన పేతురుకు మింగుడు పడనిది అదే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తరువాతి మాట, పన్నెండో వచనం. ప్రభువు కడగడం అయిపోయింది. తువాలు తీసేసి, వస్త్రాలు వేసుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు: నేను మీకు చేసిందేమిటో మీకు అర్థమైందా?

నేను కాన్వెంటు బడిలో టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లల సేవ నోటుబుక్కులు నా బల్ల మీదికే వస్తాయి. మాది ఐసీఎస్ఈ బడి, సమాజసేవకు గ్రేడు కూడా ఉంటుంది. కొన్నేళ్ళపాటు మేం చేసిన సేవ ఏమిటంటే, ఏడాదికోసారి సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమానికి బస్సులో పిల్లల్ని తీసుకెళ్ళడం, ఫ్లెక్సీ కట్టడం, అరటిపండు చేతిలో పెడుతూ ఫొటో దిగడం. పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే ఇలాంటి పండ్ల పంపిణీలు రోజూ కనిపిస్తాయి, మాదీ అలాంటిదే. మేం వస్తున్నామని అక్కడి మామ్మలకు ఇస్త్రీ చీరలు కట్టి, తలలు దువ్వి, వరసగా కూర్చోబెట్టేవాళ్ళు. నా పాదాల లాగే, వాళ్ళనూ ముందే కడిగి ఉంచేవాళ్ళన్నమాట.

నోటుబుక్కుల్లో ఒకటే వాక్యం. "3 గంటలు. పండ్లు పంచాము. చాలా సంతోషం కలిగింది." ఒకసారి క్లాసులో అడిగాను, మీరు పండు ఇచ్చిన మామ్మ పేరేమిటని. ఎవరికీ తెలియదు. పిల్లల్ని ఏమనను? పేరు అడగమని వాళ్ళకు చెప్పిందెవరు? నాకూ ఒక్క పేరు తెలియదు.

కలకత్తా ఎంటాలీలోని సెయింట్ మేరీస్ బడి సంగతి అప్పుడే గుర్తొచ్చింది. మదర్ తెరీసా లొరేటో సభ కన్యాస్త్రీగా ఆ బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. గోడకు అవతలే మోతీఝీల్ అనే పేదల బస్తీ. మఠం నియమాల వల్ల ఆమె స్వేచ్ఛగా గేటు దాటలేకపోయినా, ఫాదర్ జూలియన్ హెన్రీ నడిపే మరియమాత భక్తి సంఘం అమ్మాయిలు ఆ బస్తీకి వెళ్ళివచ్చేవాళ్ళు. తిరిగొచ్చి టీచరమ్మతో ఏం చెప్పేవాళ్ళో! 1948లో ఆమె మఠం విడిచి, ఆ డిసెంబరులో ఆ మోతీఝీల్‌లోనే పిల్లలకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. 1949 మార్చి 19న, పునీత జోజప్ప (సెయింట్ జోసెఫ్) గారి పండుగ రోజు, ఆమెతో చేరిన మొదటి అమ్మాయి సుభాషిణీ దాస్, ఆ బడి విద్యార్థినే. ఆ గోడ దాటడంలో పిల్లలే ముందున్నారు, టీచరు తరవాత. టీచర్లం ఈ వరస మరిచిపోతుంటాం.

మేమూ ఫ్లెక్సీ మానేశాం. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం నలుగురైదుగురు పిల్లలే వెళతారు, పండ్లు లేకుండా. తిరిగొచ్చాక చాపెల్ వరండాలో అరగంట కూర్చుంటాం. ప్రభువు అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతాను. మొదట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. మౌనం భరించలేక నేనే ఏదో చెప్పేసి, తరవాత నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒక శనివారం ఓ పిల్ల ముఖం ముడుచుకుని వచ్చింది. ఏమైందమ్మా అంటే, "టీచర్, ఇవాళ నేనేమీ చేయలేదు" అంది. గది ఊడ్వబోతే ఒక మామ్మ చీపురు లాక్కుందట. "ఏమే పిల్లా, ఈ జడేంటి పీచులాగా? ఇటు రా" అని గుమ్మంలో కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసిందట. వద్దంటే ఊరుకోలేదట. గంటసేపూ ఆమె తన ఊరి సంగతులు, పోయిన కూతురి సంగతులు చెబుతుంటే ఈ పిల్ల కదలకుండా కూర్చుంది.

పేతురు వద్దన్నప్పుడు ప్రభువు చెప్పింది గుర్తుందా? నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పొత్తు లేదన్నాడు. ఇన్నేళ్ళూ ఆ వాక్యం చదువుతూ, పిల్లల చేతికి తువాలు ఇవ్వడమే నా పని అనుకున్నాను. వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టాలని ఎప్పుడూ తట్టలేదు.

ఆ పిల్ల నోటుబుక్కు ముందుకు జరిపింది. అందులో మామ్మ పేరుంది, ఊరుంది, కూతురి పేరు కూడా ఉంది. "ఇది సేవ కిందికి వస్తుందా టీచర్?"

సంతకం పెట్టాను. గంటల గడిలో ఏం వేయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.