ఎట్లుంది అని అడిగితే

మానసిక వైద్యుడి గదిలో కూర్చున్న ప్రతిసారీ నాకు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "ఇప్పుడు ఎట్లుంది?" అన్నదే. మోతాదు పెంచాలా, తగ్గించాలా, అసలు మందే మార్చాలా అన్నది ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తేలుతుంది. ఆ జవాబు నా దగ్గర ఉండదు. దాచుకోవడం కాదు, నిజంగానే ఉండదు. నేను గోడ మీది క్యాలెండరులో గళ్లు లెక్కపెడుతూ ఉండిపోతే, పక్క కుర్చీలోని అమ్మ అందుకుని "మంచిగనే ఉన్నడు సార్, తింటున్నడు, డ్యూటీకి పోతున్నడు" అని చెప్పేది. నా మొదటి డాక్టరు వైద్యమంతా ఆ మాట మీదనే నడిచింది.

మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాను. నాకు ఆటిజం ఉన్నదని ముప్పై ఒకటో ఏట హైదరాబాదులో తేల్చారు. అంతకు ముందు దానికి మా ఇంట్లో ఉన్న పేరు బుగులు, అంటే భయం. "వీనికి చిన్నప్పటి సంది బుగులెక్కువ" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవారు. ఆ బుగులు చూసేవాళ్లకు కనిపించినంతగా నాకు తెలిసేది కాదు. నాకు తెలిసింది కడుపునొప్పి. దానిని గ్యాస్ అన్నారు. మా వైపు సగం ఊరు వేసుకున్నట్టే నేను కూడా ఆరేండ్ల పాటు పరగడుపున గ్యాస్ గోలీ వేసుకున్నాను. ఎండోస్కోపీ చేయిస్తే అందులో ఏమీ లేదు. ఆ నొప్పి నెలాఖరు లెక్కల రోజుల్లోనూ, పెండ్లికి పోవలసిన రోజు పొద్దున్నే తప్ప రాదన్న సంగతిని మా అక్క గుర్తుపట్టింది, నేను కాదు.

ఆకలి, దాహం, గుండె దడ, కడుపులో తిప్పడం లాంటి లోపలి కబుర్లను మనిషి గుర్తుపట్టే శక్తిని ఇంటరోసెప్షన్ అంటారు. ఆటిజం ఉన్న చాలామందిలో అది వేరే తీరుగా పనిచేస్తుంది. తన మనసులోని భావం ఏదో తెలుసుకుని దానికి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథీమియా అంటారు. పరిశోధనలను కలిపి చూసినవారు ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఇది ఉంటుందని లెక్క తేల్చారు. మిగతా సగం మంది తమ ఆందోళనను నాకంటే ఎంతో బాగా వర్ణించగలరు కనుక, నేను రాస్తున్నది అందరి అనుభవమని ఎవరూ అనుకోవద్దు.

ఆందోళనకు నాకు మొదట రాసిన మందు సెర్ట్రలిన్, 50 మిల్లీగ్రాములు. ఈ జాతి మందులను ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. ఇవి వేసుకున్న గంటకు పనిచేసేవి కావు. మేలు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. నాలుగో రాత్రి నుంచి నాకు నిద్ర పోయింది. కాళ్లు ఒక్కచోట నిలవక తెల్లవారుజామున మూడు గంటలకు మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగేవాణ్ని. పక్కింటి మోటారు మోతకు నిద్ర పట్టడం లేదనుకున్నాను గానీ, ఇది గోలీ పని కావచ్చునన్న ఆలోచనే రాలేదు. ఈ మందుల మొదటి రోజుల్లో ఇటువంటి కుదురులేనితనం ఎవరికైనా రావచ్చు, ఆటిజం ఉన్నవారిలో మరింత ఎక్కువగా కనిపిస్తుందని ఇప్పుడు చూస్తున్న డాక్టరు చెప్పారు. అందుకే ఈయన తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. (రాత్రిపూట మాట్లాడడానికి సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఉన్నదని నాకు తెలుసు. ఫోను చేయడమే బుగులైన మనిషికి ఫోను నంబరు ఎంత అక్కరకు వస్తుందో మీరే ఊహించుకోండి.)

నెల తర్వాత వెళితే అదే ప్రశ్న, అమ్మ నోట అదే జవాబు. మధ్యలో అమ్మ "రాత్రి కొంచెం తిరుగుతున్నడు" అని కూడా అన్నది. ఆ డాక్టరు దానిని ఆందోళన తగ్గకపోవడంగా తీసుకుని మోతాదును 100 చేశారు. ఆయనను తప్పుపట్టాలని లేదు, ఆయనకు అందిన సమాచారం అంతే. పది రోజులకు నేను ఎవరికీ చెప్పకుండా గోలీలు ఒక్కసారిగా బందు చేశాను. అప్పుడు తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు కొట్టినట్టయ్యేది. వారం రోజులు మిల్లుకు పోలేదు. ఈ మందులను ఒక్కసారి ఆపకూడదని, మెట్టు మెట్టుగా దిగాలని చీటీ మీద రాసి ఉంటే నేను తప్పకుండా పాటించేవాణ్ని. రాసి ఉన్న నియమాన్ని తప్పడం నాకు చేతకాదు.

రెండో డాక్టరు దగ్గరికి పోదామన్నప్పుడు అమ్మ ససేమిరా అన్నది. "వద్దు బిడ్డా, అలవాటైతె ఇడువయి." ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పాలమూరులో పుట్టిన వాళ్లకు కల్తీ కల్లు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. చెట్టు కల్లు చాలక ఆల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మినప్పుడు తాగేవాళ్లు తెలియకుండానే ఆ మందులకు అలవాటు పడతారు. దాడులు జరిగి కల్లు దొరకని వారంలో వాళ్లకు ఫిట్సు వస్తాయి, మెడలు వంకరపోతాయి, ఏదేదో మాట్లాడతారు. మా మేనమామను అటువంటి వారంలోనే మంచానికి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. అమ్మ దృష్టిలో నిద్రకైనా బుగులుకైనా ఇచ్చే ప్రతి గోలీ ఆ కల్లు కుండలోనిదే.

కొత్త డాక్టరు దీనిని కొట్టిపారేయలేదు. ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటివి ఒక జాతి, అవి వెంటనే నెమ్మది చేస్తాయి, ఎక్కువ కాలం వాడితే అలవాటవుతాయి, ఆమె చెప్పింది ఆ జాతికి పూర్తిగా నిజమని ఒప్పుకున్నారు. సెర్ట్రలిన్ వేరే జాతి. దానిని ఒక్కసారిగా ఆపితే ఒంటికి ఇబ్బంది కలుగుతుంది తప్ప ఇంకా కావాలన్న యావ పుట్టదు. అమ్మ సగం నమ్మింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఈ మందుల మీద జరిగిన పరిశోధన చాలా తక్కువన్న మాట కూడా ఆయన దాచలేదు. వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013 సమీక్ష ఎస్ఎస్ఆర్ఐల మీద లెక్కలోకి తీసుకున్నవి, పిల్లలవీ పెద్దలవీ అన్నీ కలిపి, 9 ప్రయోగాలు, 320 మంది మాత్రమే. పిల్లలకు మేలు జరిగినట్టు అందులో ఆధారం దొరకలేదు, పెద్దల విషయంలో కొద్దిపాటి ఆశ కనిపించింది. "కాబట్టి మీ మీద ఎట్లా పనిచేస్తుందో మనమే చూసుకోవాలి" అన్నారు. డాక్టరు నోట నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఈసారి 25 గోలీని సగం చేసి మొదలుపెట్టాము. "ఎట్లుంది అని అడిగితే నాకు చెప్పరాదు సార్, లెక్క అడిగితే చెప్తాను" అన్నాను. అయితే లెక్కే తెమ్మన్నారు. మిల్లులో బేళ్ల లెక్క రాసే పొడుగు నోటుబుక్కు లాంటిదే ఒకటి కొని గడులు గీశాను. రాత్రి తలుపు గడియ పడ్డదా లేదా అని ఎన్నిసార్లు లేచి చూశానో ఒక గడి. ఎన్ని గంటలకు పడుకుని ఎన్ని గంటలకు లేచానో రెండు గడులు. పొద్దున బస్సు వచ్చినప్పుడు మొదటి దానికే ఎక్కానా, జనాన్ని చూసి వదిలేశానా. మధ్యాహ్నం డబ్బా ఖాళీ అయిందా. కూర్చుని కొలిచిన నాడి. "మనసు" అన్న గడి ఒకటి పెట్టి, నాలుగు రోజులు ఖాళీగా వదిలి, కొట్టేశాను.

మొదటి వారంలో గడియ గడి కింద 9, 11, 10, 11, 8 అని ఉన్నది. మోతాదు 25కు, ఆ పైన 50కి చేరి ఐదో వారం నడుస్తుండగా ఒక ఆదివారం కూడికలు వేస్తుంటే ఆ గడిలో 4, 3, 4 కనిపించాయి. నేను రాసిన అంకెలే, నాకే కొత్తగా తోచాయి. మేలు జరిగినట్టు నాకు ఏ మాత్రం అనిపించలేదు, కానీ నేను మంచంలోనే ఉండిపోతున్నానని నోటుబుక్కు చెప్పింది.

మార్పు లేని గడులు కూడా ఉన్నాయి. గోలీ వేసుకున్నా జిన్నింగు యంత్రం మోత నా చెవికి తగ్గలేదు. కార్యాలయంలో మినుకుమినుకుమనే ట్యూబులైటు కింద మధ్యాహ్నానికి మాట పడిపోవడమూ అట్లాగే ఉన్నది. అది ఆందోళన కాదు, దానికి ఈ మందు లేదు. ఆ లైటును మా సేటు మార్పించిన వారం నుంచి డబ్బా ఖాళీ అయిన రోజులు పెరిగాయి. మోతాదు పెంచవలసిన అవసరం ఎన్నో చోట్ల ఇట్లాంటి లైట్ల వల్లనే వస్తుందేమోనని నా అనుమానం.

ఒక పొరపాటు కూడా రాయాలి. ఒకసారి మందుల దుకాణంలో వేరే కంపెనీ పట్టీ ఇచ్చి "మందు అదే అన్నా, కంపెనీ వేరు" అన్నారు. ఆ గోలీ పచ్చగా, గరుకుగా ఉండి నాలుకకు తగలగానే చేదు ఎక్కింది, కక్కుకున్నాను. మూడు రోజులు మింగలేకపోయాను, నాలుగో రోజుకు తలలో కరెంటు మళ్లీ మొదలైంది. మందులో తేడా లేదని నాకూ తెలుసు, నా గొంతుకే తెలియదు. అప్పటి నుంచి పాత పట్టీ ఖాళీ పేపరు జేబులో పెట్టుకుని పోయి అదే చూపిస్తున్నాను.

పోయిన నెల వెళ్లినప్పుడు డాక్టరు నోటుబుక్కు తిరగేస్తుంటే అమ్మ నోరు తెరవలేదు. ఈ గోలీలు ఎప్పుడు తగ్గిస్తారని నేనే అడిగాను. కొంతకాలం నిలకడగా ఉంటే అప్పుడు మెల్లగా దిగవచ్చునన్నారు. నిలకడ అంటే ఏ గడిలో ఎంత ఉండాలని అడిగాను. ఆయన నవ్వి, కాసేపు ఆలోచించి, నా పెన్నే తీసుకుని పేజీ అడుగున రాశారు: గడియ, ఆరు నెలలు, 3 దాటకుండా.